పోలో జీటీ టీఎస్ఐనా, టీడీఐనా? నర్సంపేట తమ్ముడికి నా జవాబు

అందరికీ నమస్తే. ఈ వీడియో నర్సంపేట నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న కోసం. ఏమన్నాడంటే: "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో పోలో జీటీ కారు తీసుకుందామని ఉంది. పెట్రోల్‌ది టీఎస్ఐ ఒకటి, డీజిల్‌ది టీడీఐ ఒకటి చూశాను. రెండూ 2017 బండ్లే. రోజూ హనుమకొండకు ఆఫీసుకు వచ్చి పోవాలి. నెలకోసారి హైదరాబాద్ వెళ్తాను. ఏది తీసుకోమంటావు?"

ఇట్లాంటి ప్రశ్నకు "నీ ఇష్టం తమ్ముడూ, రెండూ మంచివే" అని చెప్పి తప్పించుకోవడం నాకు నచ్చదు. సొంత డబ్బు పెట్టి, బ్యాంకు లోను పెట్టుకొని కొనే మనిషికి గట్టిగా ఒక మాట చెప్పాలి. చెబుతాను. ముందు ఈ రెండు బండ్ల సంగతి కొంచెం తెలియాలి.

ఫోక్స్‌వ్యాగన్ పోలో మన దేశంలో 2010లో అమ్మకానికి వచ్చింది. పుణె దగ్గర చాకన్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. 2022లో ఆపేశారు. 2013లో దానికి రెండు స్పీడ్ బండ్లు తోడయ్యాయి. ముందు జీటీ టీఎస్ఐ, కొన్ని నెలలకు జీటీ టీడీఐ. వెనక డోరు మీద ఒకటే జీటీ బ్యాడ్జి. కాగితం మీద పవర్ కూడా ఒకటే, 105 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే). తర్వాత టీడీఐకి 110 చేశారు. అందుకే చాలామంది వీటిని ఒకే కారు, పెట్రోలు పోస్తే ఒకటి, డీజిల్ పోస్తే ఇంకొకటి అనుకుంటారు. నడిపితే మాత్రం రెండూ వేరే మనుషుల కోసం చేసిన బండ్లని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

టీఎస్ఐలో ఉన్నది 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్. టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, 175 ఎన్ఎమ్ (న్యూటన్ మీటర్లు). ఆ టార్క్ 1500 ఆర్పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మొదలై 4100 దాకా చదునుగా ఉంటుంది. దీనికి 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒక గేరు పని చేస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది కాబట్టి మార్పు మనకు తెలియదు. ఆ రోజుల్లో ఆ ధరకు ఇట్లాంటి గేర్‌బాక్స్ దొరకడం చాలా అరుదు. ఇప్పటికీ ఆ బండి ఎక్కితే నాకు ముచ్చటేస్తుంది.

టీడీఐలో మొదట 1.6 లీటర్లు, 2014 ఫేస్‌లిఫ్ట్ నుంచి 1.5 లీటర్ల డీజిల్. టార్క్ 250 ఎన్ఎమ్. 5 గేర్ల మాన్యువల్. 1800 ఆర్పీఎమ్ లోపల ఇంజిన్ నిద్రలో ఉన్నట్టే ఉంటుంది. ఆ గీత దాటగానే వీపును సీటుకు అదుముతుంది. 4000 దాటాక ఊపు అయిపోతుంది, ఇంకా తొక్కితే శబ్దం తప్ప ఏమీ రాదు. కాబట్టి సరైన గేరులో ఉండటం డ్రైవర్ పనే.

ఇక అసలు విషయం. యూట్యూబ్‌లో ఎక్కడ చూసినా సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం ఎన్ని సెకన్లలో అందుకుందన్నదే చెబుతారు. టీఎస్ఐకి కంపెనీ చెప్పింది 9.7 సెకన్లు. బాగుంది. కానీ తమ్ముడూ, వరంగల్ నుంచి నర్సంపేట పోయే దారిలో సున్నా నుంచి వంద ఎక్కడ అవసరం పడుతుంది? మనకు కావాల్సింది 50 నుంచి 80. ముందు లారీ పోతుంటుంది, ఎదురుగా కొంచెం ఖాళీ దొరుకుతుంది, ఆ ఖాళీలో లారీని దాటి మళ్ళీ మన వైపు రావాలి. రోజుకు ఇట్లా ఎన్నిసార్లు చేస్తావో నీకే తెలుసు. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాలీలు, పత్తి బండ్లు, గిర్నిబావి దగ్గర ఆగే ఆర్టీసీ బస్సులు. బండి పనితనం తేలేది అక్కడే.

ఆ పనిలో రెండూ ఎట్లా చేస్తాయో చెబుతాను. టీడీఐలో 50 మీద నాలుగో గేరులో ఉన్నావనుకో. ఏమీ ఆలోచించకుండా యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు. ఆ క్షణంలో బండి సగం రాంగ్ సైడ్‌లో ఉంటే టెన్షన్ మామూలుగా ఉండదు. అందుకని లారీ వెనక ఉండగానే మూడో గేరులోకి దించి పెట్టుకోవాలి. అప్పుడు ఆర్పీఎమ్ రెండు వేల దరిదాపుల్లో ఉంటుంది, ఆ 250 ఎన్ఎమ్ మొత్తం కాలి కింద సిద్ధంగా ఉంటుంది. ఇంకో గేరు మార్చే పని లేకుండా లారీ దాటేస్తుంది. ఈ అలవాటు వచ్చినవాడికి టీడీఐ అంత నమ్మకం ఇచ్చే బండి ఆ ధరలో లేదు.

టీఎస్ఐకి వేరే గుణం ఉంది. మామూలుగా నడిపే డీ (డ్రైవ్) మోడ్‌లో వదిలేస్తే మైలేజీ కోసం గబగబా పై గేర్లకు పోతుంది. పెద్ద వేగం లేకుండానే ఆరో గేరులోనో ఏడో గేరులోనో కూర్చుంటుంది. అట్లా ఉన్నప్పుడు ఒక్కసారిగా తొక్కితే మూడు నాలుగు గేర్లు దిగాలి కదా, అందుకు కొంచెం సమయం పడుతుంది. దానికి మందు ఎస్ (స్పోర్ట్) మోడ్. దాటాలనుకున్నప్పుడు ముందే లివర్ ఎస్‌లోకి లాగితే గేర్లు దించి పెట్టుకుంటుంది. ఆ తర్వాత తొక్కి చూడు, 6000 దాకా ఒకే ఊపు. మన దారుల్లో టీఎస్ఐ నడిపే చాలామంది ఆ ఎస్ మోడ్ ముట్టుకోనే ముట్టుకోరు, అది నాకు బాధగా ఉంటుంది.

ఓవర్‌టేకింగ్ వరకు రెండూ పాసే. కాకపోతే ఇంకో విషయం ఉంది. దాని గురించి షోరూముల్లో కూడా పెద్దగా చెప్పేవాళ్ళు కాదు. జీటీ టీఎస్ఐలో బండి జారకుండా కాపాడే ఈఎస్పీ ఇచ్చారు, ఎత్తు మీద ఆపి కదిలేటప్పుడు బండి వెనక్కి పోకుండా పట్టే హిల్ హోల్డ్ ఇచ్చారు. జీటీ టీడీఐలో ఇవ్వలేదు. రెండింటిలో బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది, రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. బాడీ గట్టిదే. 2014లో కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు పెద్దల రక్షణలో 4 స్టార్లు వచ్చాయి, ఎయిర్‌బ్యాగులు లేనిదానికి ఒక్కటీ రాలేదు. కానీ ఈఎస్పీ పని వేరు. బండి జారడం మొదలైనప్పుడు ఏ చక్రానికి ఎంత బ్రేకు వేయాలో అదే చూసుకొని దారిలోకి తెస్తుంది.

అది మన దగ్గర ఎందుకు అవసరమంటే, వడ్ల కోతలప్పుడు ఒక్కసారి మన రోడ్లు గుర్తు తెచ్చుకోండి. వానాకాలం పంటకైనా, యాసంగి పంటకైనా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. అంచున రాళ్ళు పెడతారు, రాత్రిపూట నల్ల పట్టాలు కప్పుతారు. రైతుకు కల్లం లేక, కొనుగోలు కేంద్రంలో తేమ శాతం రావాలని పోస్తాడు, ఆయన్ను తప్పుపట్టను. కానీ ఎండిన వడ్ల మీద టైరుకు పట్టు ఉండదు. ఎదురుగా బస్సు వస్తే ఎడమ చక్రాలు వడ్ల మీదికి, కుడి చక్రాలు తారు మీద. ఆ స్థితిలో బ్రేకు మీద కాలు పడితే బండి తిరగబోతుంది. అప్పుడు ఈఎస్పీ ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడా చాలా పెద్దది. టీడీఐ గురించి ఎంత మంచి చెప్పినా ఈ లోటు నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. అందుకే టీడీఐ కొనేవాళ్ళు మొదటి ఖర్చు టైర్ల మీద పెట్టాలని అంటాను. సౌండ్ సిస్టమ్, అలాయ్‌లు తర్వాత.

మరి అట్లాంటప్పుడు టీఎస్ఐ తీసుకోమని చెప్పేయొచ్చు కదా అంటారు. ఇక్కడ డీఎస్‌జీ సంగతి మాట్లాడాలి. ఈ 7 గేర్ల డీఎస్‌జీలో క్లచ్‌లు పొడివి. ఆయిల్‌లో మునిగి ఉండవు. వేడెక్కితే చల్లబడే దారి తక్కువ. బండి ఖాళీ రోడ్డు మీద పోతే దానికి ఏ ఇబ్బందీ లేదు. నడక వేగంతో ఇంచు ఇంచు కదిలితేనే క్లచ్ రుద్దుకుంటూ ఉంటుంది, వేడెక్కుతుంది. దాంతో పాటు మెకట్రానిక్ అని గేర్లు మార్చే యూనిట్ ఉంటుంది, అది పోతే బిల్లు లక్షల్లోకి పోవచ్చు. 

కాబట్టి టీఎస్ఐ కొనేటప్పుడు కిలోమీటర్ల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న, ఆ బండి ఏ ఊళ్ళో తిరిగింది అని. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల బండి 80 వేలు తిరిగినా ఎక్కువ భాగం ఖాళీ రోడ్డు మీదే తిరిగి ఉంటుంది. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో రోజూ సాయంత్రం ఇరుక్కున్న బండి 40 వేలే తిరిగినా దాని క్లచ్‌లు ఎక్కువ కష్టపడి ఉంటాయి. మీటరు చూసి రెండోది మంచిదని కొనేస్తారు జనం. మేడారం జాతరకు కూడా టీఎస్ఐలో పోవద్దని నేను అనను, కానీ ఆ క్యూలో ముందు బండి ఒక అడుగు కదిలితే మనమూ ఒక అడుగు కదలడం మానాలి. బ్రేకు పూర్తిగా నొక్కి ఉంచితే క్లచ్ విడిపోతుంది. నాలుగైదు బండ్ల ఖాళీ వచ్చాక ఒకేసారి ముందుకు పోవాలి. వెనకవాళ్ళు హారన్లు కొడతారు, కొట్టనివ్వండి.

రీమ్యాప్ చేసిన బండ్లతో కూడా జాగ్రత్త. ఈ జీటీలు కొన్నవాళ్ళలో స్పీడ్ పిచ్చి ఉన్న కుర్రాళ్ళు ఎక్కువ. ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి పవర్ పెంచుకుంటారు, అమ్మే ముందు మళ్ళీ పాతది వేయిస్తారు. ఆ డీఎస్‌జీ తట్టుకునేలా చేసిన హద్దు 250 ఎన్ఎమ్. కంపెనీ ఇచ్చిన 175 దగ్గర దానికి బోలెడు వెసులుబాటు ఉంది. రీమ్యాప్‌తో ఆ హద్దు దగ్గరికి తీసుకుపోయి రెండు మూడేళ్ళు నడిపిన బండి మన చేతికి వస్తే ఆ అరుగుదలకు డబ్బు మనం కట్టాలి. బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే వీసీడీఎస్ స్కాన్ చేసే మనిషిని వెంట తీసుకెళ్ళండి. ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, రివర్స్ వేసి, చిన్న ఎత్తు మీదికి మెల్లగా ఎక్కించి చూడండి. అక్కడ అదిరితే ఆ బండి వదిలేయండి, ఎంత తగ్గిస్తానన్నా సరే.

ఇప్పుడు తమ్ముడి లెక్క. నర్సంపేట నుంచి హనుమకొండ పోను రాను రోజుకు 80 కిలోమీటర్ల పైమాటే. నెలకు 2000 అనుకుందాం. టీడీఐ ఈ రోడ్డు మీద లీటరుకు 18 ఇస్తుందని, టీఎస్ఐ 14 ఇస్తుందని నా అంచనా. అంటే డీజిల్ 111 లీటర్లు, పెట్రోల్ 143 లీటర్లు. మన దగ్గర డీజిల్ లీటరుకు పది రూపాయలకు పైగా తక్కువ కూడా. మొత్తం మీద నెలకు నాలుగైదు వేల తేడా. ఏడాదికి 50 వేలు. నువ్వు లోను కడుతూ ఇంటికి డబ్బు పంపే మనిషివైతే ఇది చిన్న మొత్తం కాదు. పైగా టీడీఐ గేర్‌బాక్స్ మామూలు మాన్యువల్. క్లచ్ పోతే వరంగల్‌లోనే బాగు చేయించుకోవచ్చు. డీఎస్‌జీ విప్పి చేయగల చేతులు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

అందుకని నా మాట, నువ్వు టీడీఐ తీసుకో. మనసు టీఎస్ఐ వైపు లాగుతుందని తెలుసు, నాకూ అదే ఇష్టం. నువ్వు హనుమకొండలోనే ఉండి, రోజుకు పది పదిహేను కిలోమీటర్లు తిరిగి, వారాంతంలో పాకాల దాకా సరదాగా పోయే మనిషివైతే కళ్ళు మూసుకొని టీఎస్ఐ అనేవాణ్ణి, ఆ ఈఎస్పీ కోసమైనా. సుబేదారిలోనో నక్కలగుట్టలోనో ఉండి ఈ వీడియో చూస్తున్నవాళ్ళు అదే తీసుకోండి. 2020లో వచ్చిన 1.0 లీటర్ల టీఎస్ఐ కూడా ఒకసారి చూడండి. 110 పీఎస్, అందులో ఆటోమేటిక్ డీఎస్‌జీ కాదు, పొడి క్లచ్‌ల బదులు ఆయిల్ ద్వారా పవర్ పంపే మామూలు టార్క్ కన్వర్టర్. మూడు సిలిండర్ల శబ్దం నాకు నచ్చదు కానీ క్లచ్ భయం ఉండదు.

వెనక సీటు గురించి ఒక్క ముక్క. రెండింటిలోనూ ఇరుకే. అమ్మానాన్నలను తరచూ హైదరాబాద్ తీసుకెళ్ళాలంటే ముందు వాళ్ళను కూర్చోబెట్టి చూడు.

టీడీఐ వెతికేటప్పుడు ఢిల్లీ బండ్లు చవకగా కనబడతాయి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద నిషేధం ఆదేశాలు రావడంతో చాలామంది ముందే అమ్మేసుకుంటూ వచ్చారు. ధర చూసి తొందరపడొద్దు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్చుకోవాలి. ఇవన్నీ కలిపి చూస్తే మన తెలంగాణ నంబరు బండే మేలు. 2015, అంతకు ముందు బండ్లు చూసేవాళ్ళు ఇంకోటి అడగండి. పరీక్షప్పుడు మాత్రమే పొగ తక్కువ చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టారన్న గొడవ తర్వాత కంపెనీ మన దేశంలో 3.23 లక్షల డీజిల్ బండ్లను వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చాలనుకుంది. మీరు చూసే బండికి ఆ పని జరిగిందో లేదో సర్వీస్ రికార్డులో ఉంటుంది.

తమ్ముడూ, నువ్వు చూసిన ఆ 2017 టీడీఐ ఓనర్‌ను టైమింగ్ బెల్ట్ (ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా లయలో నడిపే బెల్ట్) మార్చిన బిల్లు చూపించమను. "మార్పించాం" అనే నోటి మాట చాలదు, తేదీ, కిలోమీటర్లు ఉన్న బిల్లు కావాలి. ఆ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. బిల్లు లేకపోతే ధరలో అంత తగ్గించుకొని, బండి ఇంటికి తెచ్చిన వారంలోనే బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్ మూడూ కలిపి మార్పించు. ఆ తర్వాతే హైదరాబాద్ ప్రయాణం పెట్టుకో.