అట్ట మీద సమాధి

అందరికీ నమస్కారం.

ముందు ఈ రికార్డు అట్ట ఒకసారి చేతులు మార్చుకుంటూ చూడండి. తెల్లటి అట్ట, మధ్యలో నలుపు తెలుపు ఫొటో. పడుకోబెట్టిన శవం, చుట్టూ కూలబడి ఏడుస్తున్న మనుషులు. పాత పెయింటింగ్‌లా ఉంటుంది గానీ అన్నీ రాతి శిల్పాలే. ఇటలీలో జెనోవా నగరపు స్టాలియెనో శ్మశానంలో ఉన్న అప్పియానీ కుటుంబపు సమాధి అది.

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జాయ్ డివిజన్ రెండో ఆల్బమ్ 'క్లోజర్' ఇది. 1980 జులై 18న ఫ్యాక్టరీ రికార్డ్స్ విడుదల చేసింది. అంతకు సరిగ్గా రెండు నెలల ముందు, మే 18న, గాయకుడు ఇయన్ కర్టిస్ మాంచెస్టర్ దగ్గర మాకిల్స్‌ఫీల్డ్‌లో తన ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు. 23 ఏళ్లు. మర్నాడు బ్యాండ్ అమెరికా బయల్దేరాల్సి ఉంది.

చావును సొమ్ము చేసుకున్నారేమో అనిపిస్తుంది. కానీ ఆ ఫొటో కర్టిస్ బతికుండగానే ఖాయమైంది. డిజైనర్ పీటర్ సావిల్ చూపించిన ఫొటోల్లోంచి బ్యాండ్ వాళ్లే ఎంచుకున్నారు. అయినా అప్పట్నుంచి ఈ తొమ్మిది పాటల్నీ జనం మరణ వాంగ్మూలంలాగే వింటున్నారు. నా పేచీ అక్కడే.

కర్టిస్ ఉద్యోగం ఏమిటో తెలుసా? ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో గుమాస్తాగిరీ. వికలాంగులకు పని వెతికిపెట్టడం. అక్కడికి వచ్చిన ఒక మూర్ఛరోగిని చూసి మొదటి ఆల్బమ్‌లో ఒక పాట రాశాడు. తర్వాత అదే జబ్బు తనకూ ఉందని 1979 జనవరిలో డాక్టర్లు తేల్చారు. ఈ ఆల్బమ్‌లో 'ది ఎటర్నల్' పాట వెనకా ఒక పిల్లవాడున్నాడు. కర్టిస్ చిన్నప్పుడు వాళ్ల వీధిలో డౌన్ సిండ్రోమ్ ఉన్న ఆ అబ్బాయి ఇంటికీ తోటకీ మధ్యే తిరిగేవాడట. ఏళ్ల తర్వాత వెళ్తే కర్టిస్ పెద్దవాడయ్యాడు, ఆ అబ్బాయి మాత్రం అలాగే ఉన్నాడట. గిటారిస్టు బెర్నార్డ్ సమ్నర్ చెప్పిన సంగతి ఇది. తెలిశాక ఆ నెమ్మదైన పియానో వినండి. ఎవరో గేటు అవతలి నుంచి చూస్తున్నట్టుంటుంది.

ఇక శబ్దం. మన సినిమాల్లో ఏడుపు ఘట్టం రాగానే వయొలిన్లు, షెహనాయి ఎత్తుకుంటాయి. ఇక్కడ దిగులంతా పీటర్ హుక్ బేస్ గిటార్ మోస్తుంది. మామూలుగా కింది స్వరాలకు వాడే ఆ గిటార్‌ని ఆయన పై స్థాయిలో వాయిస్తాడు. కారణం వింటే నవ్వొస్తుంది: రిహార్సల్స్‌లో ఆంప్లిఫయర్ నాసిరకం కావడంతో కింది స్వరాలు ఆయనకే వినపడేవి కావు. అలా పైకి పాకిన బేస్ రాగం పట్టుకుంటే, గిటార్ ఖాళీలు పూరించింది.

1980 మార్చిలో లండన్‌లో పింక్ ఫ్లాయిడ్ వాళ్ల బ్రిటానియా రో స్టూడియోలో రికార్డింగ్. నిర్మాత మార్టిన్ హానెట్ శబ్దాన్ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే డిజిటల్ డిలే యంత్రాలతో, స్టీఫెన్ మోరిస్ డ్రమ్స్ ఖాళీ గిడ్డంగిలో మోగుతున్నట్టు చేశాడు. మొదటి పాటలో సమ్నర్, హుక్ సరదాకి వాద్యాలు మార్చుకున్నారు. ఆ పాట మిక్స్ విని హానెట్ తన గిటార్ పాడుచేశాడని హుక్ మండిపడ్డాడు. ఆయన కోపంలో న్యాయముంది గానీ, నాకు మాత్రం హానెట్ చేసిందే బాగుంది. 'ఐసోలేషన్' పాటకైతే పదాలు పట్టించుకోకపోతే గెంతులేయొచ్చు.

పదాలు పట్టించుకుంటేనే చిక్కు. 'ట్వెంటీ ఫోర్ అవర్స్' దగ్గరికొచ్చేసరికి నా వాదన కాస్త తడబడుతుంది, ఒప్పుకుంటాను. పక్కనే వాయించినవాళ్లు కూడా అప్పట్లో ఆ మాటలు సరిగ్గా వినలేదని తర్వాత చెప్పుకుని బాధపడ్డారు. అందుకే చావును పూర్తిగా మరిచిపొమ్మని మీకు చెప్పలేను. దాన్ని తాళంచెవిలా ప్రతి పాటకూ పెట్టి తిప్పొద్దంటున్నాను, అంతే.

ఇప్పుడు రెండో వైపు వేస్తాను. నాలుగే పాటలు. చివరిది 'డెకేడ్స్', ఆరు నిమిషాల పైన ఉంటుంది, మధ్యలో లేవకండి. లైట్లు ఆర్పాలా అని ఇందాక ఎవరో అడిగారు. అక్కర్లేదండీ, వెలుగులోనే విందాం.