పన్నుకు ముందు ధర

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా 2025 డిసెంబరు 24న తెనాలిలో జరిగిన సభలో ఒక ఎలక్ట్రానిక్స్ వర్తకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు, మధ్యాహ్నపు బేరం వదులుకుని వచ్చిన నా తోటి వర్తకులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాద. అయితే నాకిచ్చిన అరగంటలో ఒక లెక్క పూర్తిగా చెప్పవలసి ఉన్నది కాబట్టి, ఆ మర్యాదను ఈ ఒక్క నమస్కారంతోనే స్వీకరించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

వినియోగదారుల రక్షణ చట్టానికి 1986లో ఇదే తేదీన రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆ జ్ఞాపకంగా ఏటా జరిగే ఈ సభలో సాధారణంగా కొనేవారి తరఫున మాట్లాడేవారు నిలబడతారు. ఈసారి అమ్మేవాడినైన నన్ను పిలిచారు. నేను వెంటనే ఒప్పుకోవడానికి కారణం మొన్న సెప్టెంబరులో మా కొట్టులో జరిగిన ఒక సంగతి. అది చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు. అది మీకు బోధపడాలంటే మాత్రం టీవీ ధరలోకి, ఏసీ ధరలోకి పన్ను ఏ దారిన వస్తున్నదో ముందు కొంత చెప్పుకోవాలి.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను, అంటే జీఎస్టీ, వచ్చినప్పుడు టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీ అన్నీ 28 శాతం శ్లాబులో పడ్డాయి. బిల్లు మీద 28 అన్న అంకె చూసి కొనేవారు ఉలిక్కిపడ్డారు. అంతకుముందు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బిల్లు మీద కనబడినది రాష్ట్రం వసూలు చేసుకునే 14.5 శాతం వ్యాట్ మాత్రమే. ఫ్యాక్టరీ గేటు దగ్గరే కేంద్రం వసూలు చేసుకున్న 12.5 శాతం ఎక్సైజు సుంకం ధరలో కలిసిపోయి మా కొట్టుకు వచ్చేది గాని, బిల్లులో ఎక్కడా కనబడేది కాదు. పైగా ఆ సుంకం కలిసిన ధర మీద మళ్లీ వ్యాట్ పడేది. స్థూలంగా లెక్క వేస్తే, ఫ్యాక్టరీలో వంద రూపాయలున్న వస్తువు ఎక్సైజుతో 112 రూపాయల 50 పైసలయి, దాని మీద వ్యాట్‌తో దాదాపు 129 రూపాయలయ్యేది. అంటే 28 శాతం కొత్తగా నెత్తిన పడిన బరువు కాదు, అంతవరకు దాగి ఉన్న బరువు ఆ రోజున కంటికి కనబడింది. పన్ను కనబడటం మంచిదే. కనబడినదాన్ని చదవడం మనం నేర్చుకోలేదు. నా బాధంతా అక్కడే ఉన్నది.

2018 జూలై 27 నుంచి ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, మిక్సీలు, గ్రైండర్లు, ఇస్త్రీపెట్టెలు, 68 సెంటీమీటర్ల వరకు, అంటే సుమారు 27 అంగుళాల వరకు ఉన్న టీవీలు 18 శాతానికి దిగాయి. మా కొట్టులో ఎక్కువగా అమ్ముడయ్యేది 32 అంగుళాల టీవీ. “టీవీల మీద తగ్గిందట కదా” అంటూ వచ్చినవారికి, తగ్గింది మీరడిగే టీవీ మీద కాదని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అయిదు నెలలు గడిచి 2019 జనవరి 1 వచ్చిన తరువాతే 32 అంగుళాల వరకు ఆ తగ్గింపు అందింది. అంతకన్నా పెద్ద టీవీలు, అన్ని ఏసీలు, డిష్‌వాషర్లు మాత్రం 2025 సెప్టెంబరు 21 వరకు 28 శాతంలోనే ఉండిపోయాయి.

ఫోన్ల కథ దీనికి ఎదురు నడిచింది. 2017లో 12 శాతంతో మొదలైన మొబైల్ ఫోను 2020 ఏప్రిల్ 1న 18 శాతానికి ఎక్కింది. విడిభాగాల మీద 18, తయారైన ఫోను మీద 12 ఉండటం వల్ల తయారీదారుల దగ్గర పన్ను జమ, అంటే విడిభాగాలు కొన్నప్పుడు ముందే కట్టేసి తరువాత సర్దుకోవలసిన పన్ను, పేరుకుపోతున్నదని, ఆ తలకిందుల అమరికను సరిచేస్తున్నామని అప్పుడు చెప్పారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయితే ఆ రోజును తలచుకోండి. లాక్‌డౌన్‌లో మా షట్టర్లు దించి ఉన్నాయి. మేము మళ్లీ తెరిచేసరికి 11,200 రూపాయల ఫోను 11,800 అయి కూర్చున్నది. పిల్లలకు పాఠాలు ఫోన్లలో మొదలైన సంవత్సరం అది. జీవితంలో మొదటిసారి టచ్ ఫోను కొనడానికి వచ్చిన కూలీ తండ్రుల దగ్గర ఆ ఆరు వందలు నా చేతులతోనే తీసుకున్నాను. మొన్న సెప్టెంబరులో ఏసీకి ఇచ్చిన ఊరట ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ ఇవ్వలేదు, అవి 18 దగ్గరే ఉన్నాయి. విద్యార్థి చేతిలోని ఫోను పెద్ద టీవీ కన్నా ముందు తగ్గవలసిన వస్తువని నా దృఢమైన అభిప్రాయం. ఈ మాట ఏ వేదిక దొరికినా చెబుతాను.

ఇక నేను చెప్పదలచిన సంగతికి వస్తాను.

ఆగస్టు 15న ఎర్రకోట మీదినుంచి ప్రధానమంత్రి జీఎస్టీ తగ్గింపు గురించి చెప్పినప్పటి నుంచి మా వీధిలో ఏసీల బేరం ఆగిపోయింది. ఏసీల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి నిర్ణయించింది, 22 నుంచి అమలు. అంతకు ముందే, ఆగస్టు మొదటి వారంలో, రిటైరైన ఒక టీచరమ్మ గారు టన్నున్నర ఏసీకి నా దగ్గర కొటేషన్ రాయించుకుని వెళ్లారు. పన్నుకు ముందు 30,000, పన్ను 8,400, మొత్తం 38,400. ఆవిడ 23వ తేదీన వచ్చి కొన్నారు. డబ్బు కట్టి, బిల్లు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున కొట్టు తెరిచే వేళకే బిల్లు ఒక చేతిలో, కొటేషన్ చీటీ ఒక చేతిలో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నారు.

ఆవిడ నోరు తెరవకముందే ఎందుకొచ్చారో నాకు తెలిసిపోయిందనుకున్నాను. ఆ మూడు రోజుల్లో ప్రతివారూ అడిగిన ప్రశ్న ఒకటే: 28 నుంచి 18కి పది శాతం తగ్గింది కదా, 38,400లో పది శాతం, అంటే 3,840 ఎందుకు తగ్గించలేదు? నేను కాగితం తీసి, అలవాటైన పాఠం మొదలుపెట్టాను. పన్ను అసలు ధర మీద పడుతుంది గాని మొత్తం మీద కాదని, 128 రూపాయలయ్యే వస్తువు 118 అవుతుందని, అంటే మీరు చెల్లించే మొత్తంలో తగ్గేది పది శాతం కాదు, 7.8 శాతమని వివరిస్తున్నాను. విద్యార్థులు దయచేసి ఈ 7.8 రాసుకోండి, మీ ఇంట్లో ఎవరో ఒకరు ఈ పదిశాతం గురించి దుకాణదారుతో ఇప్పటికే పోట్లాడి ఉంటారు. ఆవిడ చివరి వరకు విని అన్నారు: “బాబూ, నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. పదిశాతం అడగడానికి రాలేదు. ముప్పై వేల మీద 18 శాతమైతే 35,400 కావాలి. నువ్వు 36,108 తీసుకున్నావు. ఈ ముప్పై వేలు ముప్పై వేల ఆరు వందలు ఎప్పుడయింది?”

నేను బిల్లు చూశాను. నిజమే. పన్ను 18 శాతమే వేశాము, రూపాయి ఎక్కువ లేదు. పన్నుకు ముందు ధర మాత్రం 30,600 ఉన్నది. కంప్యూటరులో ధరల పట్టిక డిస్ట్రిబ్యూటర్ పంపినది పంపినట్టు ఎక్కించాము. ఫోను చేసి అడిగితే, పండగ సీజను మొదలైంది కాబట్టి ఆగస్టులో ఇచ్చిన ఆరు వందల తగ్గింపు స్కీము తీసేశారని చెప్పారు. పన్ను తగ్గిన వారంలోనే స్కీము పోయింది. కావాలని చేశారని నేను నిరూపించలేను. అయితే తగ్గించానని నేను వంద మందికి గర్వంగా చెప్పుకున్న ఆ తగ్గింపులోనుంచి 708 రూపాయలు వెనక్కి జారిపోయిన సంగతి, ముప్పై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్న నేను గమనించలేదు, ఆవిడ గమనించారు.

ఆవిడ దగ్గర ఆగస్టు చీటీ ఉన్నది కాబట్టి గమనించగలిగారు. సభికులారా, నేను చెప్పవలసినదంతా ఆ చీటీలోనే ఉన్నది. ఎంఆర్‌పీలో అన్ని పన్నులూ కలిసి ఉంటాయి, అందుచేత పన్ను తగ్గినప్పుడు ఎవరి వాటా ఎవరికి పోయిందో ఎంఆర్‌పీ చెప్పదు. పెట్టె మీద పాత ధర పక్కన సవరించిన ధర చీటీ అంటించినా సరే, అదీ మొత్తమే. బిల్లులో పన్నుకు ముందు ధర అని విడిగా ఒక వరుస ఉంటుంది. దాన్ని చదవండి. నిన్నటి చీటీతో పోల్చి చదవండి.

ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నానంటే, మిమ్మల్ని కాపాడవలసిన ఒక ఏర్పాటు ఇప్పుడు మీకు అందుబాటులో లేదు. జీఎస్టీ చట్టంలో 171వ సెక్షను ఉన్నది. పన్ను తగ్గితే ఆ మేరకు ధర తగ్గించి తీరాలని అది చెబుతుంది. దాని కోసం 2017లో ఒక జాతీయ సంస్థను పెట్టారు, 2022 డిసెంబరులో ఆ పని కాంపిటీషన్ కమిషన్‌కు, తరువాత జీఎస్టీ ట్రిబ్యునల్‌కు అప్పగించారు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేశారు. శ్లాబులు కదిలిన సెప్టెంబరు ఆ తరువాతే వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి చెప్పుకోవచ్చు, తప్పక చెప్పుకోండి. కానీ అక్కడ చెప్పుకోవడానికైనా మీ చేతిలో రెండు కాగితాలు ఉండాలి గదా!

నా తోటి వర్తకులకు ఒక మాట. “పాత స్టాకు మేము 28 కట్టి కొన్నాము, మీకు 18కి ఇస్తే మాకు నష్టం” అని సెప్టెంబరులో మనలో కొందరు అన్నారు. అది సరి కాదు. మనం కట్టిన 28 మన లెడ్జరులో జమగా ఉంటుంది, తరువాతి అమ్మకాల పన్నులో సర్దుకుంటాము. ఆ జమ కరిగేదాకా పెట్టుబడి ఇరుక్కుపోతుంది. దాన్ని వాపసు కూడా ఇవ్వరు. చిన్న కొట్టుకు అది నిజమైన కష్టం, నేనూ పడ్డాను. ఆ కష్టం గురించి ప్రభుత్వంతో మాట్లాడుదాము. కొనేవారి నుంచి మాత్రం దాన్ని రాబట్టకూడదు.

బిల్లులో చూడవలసినవి మరి రెండు మూడు ఉన్నాయి, త్వరగా చెబుతాను. పాత ఫోను ఇచ్చి కొత్తది తీసుకునేటప్పుడు, మీరిచ్చిన నగదు మీదే పన్ను పడుతుందనుకుంటారు. జీఎస్టీ నిబంధనల్లో 27వది సరిగ్గా ఈ ఉదాహరణే ఇస్తుంది: 24,000 రూపాయల కొత్త ఫోనును పాత ఫోనూ 20,000 నగదూ తీసుకుని ఇస్తే, పన్ను లెక్కకు విలువ 24,000. బ్యాంకు కార్డు ఆఫరుతో వచ్చే క్యాష్‌బ్యాక్ కూడా అంతే, అది బ్యాంకు మీకిచ్చేది గాని వస్తువు ధరలో తగ్గేది కాదు, కాబట్టి పన్ను తగ్గదు. దుకాణదారు తానుగా ఇచ్చిన తగ్గింపు బిల్లులోనే చూపిస్తే మాత్రం పన్ను కూడా తగ్గుతుంది. కాబట్టి తగ్గింపును బిల్లులో రాయమని అడగండి.

బిల్లు మీద దుకాణం జీఎస్టీ రిజిస్ట్రేషను నంబరు కూడా చూడండి. దానిలో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. వస్తువులు అమ్మే చిన్న వ్యాపారికి మన దగ్గర ఏడాదికి 40 లక్షల అమ్మకాల వరకు, తెలంగాణలో 20 లక్షల వరకు రిజిస్ట్రేషను అక్కరలేదు. అటువంటివారి బిల్లులో నంబరు లేకపోవడం తప్పు కాదు, కానీ నంబరు లేకుండా “జీఎస్టీ” పేరుతో డబ్బు అడిగితే మాత్రం అది ఖజానాకు చేరే డబ్బు కాదు. బిల్లు వద్దంటే పన్ను మిగులుతుందని ఆశ పెట్టేవారికి లొంగకండి. ఆరు నెలలకు కంప్రెసర్ పోతే, వినియోగదారుల కమిషన్ ముందు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

టీచరమ్మ గారి సంగతి ముగించలేదు. ఆ రోజే 708 రూపాయలకు క్రెడిట్ నోట్, అంటే బిల్లు మొత్తాన్ని అంత మేర తగ్గించే కాగితం, రాసి, డబ్బు ఆవిడ చేతికిచ్చాను. ఆ సాయంత్రం బిల్లులు తిరగేస్తే అదే ధరకు మరో పదకొండు ఏసీలు అమ్మినట్టు తేలింది. ఆ పదకొండు మందిలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. అందరూ ధర తగ్గిందని సంతోషపడి వెళ్లినవారే. వారి సంతోషమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వరుసగా అందరికీ ఫోన్లు చేశాను. ఆ డబ్బు నేనెందుకు తిరిగి ఇస్తున్నానో అర్థం కాక, ఇదేదో మోసపు ఫోను అనుకుని ఒకాయన మధ్యలో పెట్టేశారు. ఆయన ఇంటికి స్వయంగా వెళ్లి ఇచ్చివచ్చాను.

అప్పటి నుంచి మా కొట్టులో ప్రతి వస్తువు మీదా రెండు ధరలు రాస్తున్నాము: పన్నుకు ముందు ఎంత, పన్నుతో ఎంత. కొటేషన్ అడిగిన ప్రతివారికీ తేదీ వేసి, ముద్ర వేసి ఇస్తున్నాము. ఈ సభలో ఉన్న వర్తకులలో కనీసం అయిదుగురు రేపటి నుంచి ఇలా రాస్తామని ఇక్కడే నాకు మాట ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. చట్టం మనల్ని బలవంతం చేయదు, నేను అడుగుతున్నాను.

ఆహ్వాన పత్రికలో, గత ఏడాదిలో కొన్న వస్తువుల బిల్లులు ఉంటే తీసుకురమ్మని అధ్యక్షుల అనుమతితో రాయించాను. కొందరి చేతుల్లో కాగితాలు కనబడుతున్నాయి. సభ ముగిసిన తరువాత ఆ కిటికీ పక్కన బల్ల దగ్గర కాలిక్యులేటరుతో కూర్చుంటాను. టీచరమ్మ గారు కూడా వచ్చారు, రెండో కుర్చీ ఆవిడది. మా కొట్టు బిల్లులయినా సరే, తీసుకురండి.