పింఛనుకు వయసు చాలదా? కార్డులూ జాబితాలూ ఎందుకు?

[తెరపై: బెంగళూరు, హూడి. సగం లేచిన అపార్ట్‌మెంటు. దాని పక్కన రేకుల గుడిసెలు.]

నమస్కారం. ఇక్కడ సెంట్రింగ్ కట్టేవారిలో, ఇటుకలు మోసేవారిలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ నుంచి మేస్త్రీ వెంట వచ్చినవారు. పైనుంచి పడి కాలు విరిగితే వీరికి దిక్కెవరు? పురిటికి వెళ్లిన నెలల్లో ఇల్లెలా గడుస్తుంది? ఒంట్లో సత్తువ అయిపోయాక ఎవరు పెడతారు? కొడుకులో బంధువులో కాదు, సర్కారే హక్కుగా ఆదుకోవాలి. సామాజిక భద్రత అంటే అదే.

మన దేశంలో కార్మికులకు వైద్య బీమా ఇచ్చే ఈఎస్‌ఐ చట్టం 1948లో, భవిష్యనిధి కూడబెట్టే పీఎఫ్ చట్టం 1952లో వచ్చాయి. రెండూ నెలజీతగాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. కానీ మన దగ్గర పని చేసేవారిలో పదికి తొమ్మిది మంది దాకా అసంఘటిత కార్మికులే, అంటే ఇలాంటి రక్షణలేవీ లేని కూలీలూ చిన్న పనివాళ్లూ. ప్రపంచమంతటా చూసినా, 2023 నాటికి ఏదో ఒక సామాజిక రక్షణ ఉన్నవారు 52.4 శాతమేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క. బాగా పేద దేశాల్లో అది 9.7 శాతం.

[తెరపై: నింపని దరఖాస్తు ఫారం.]

మరి భవన కార్మికులకు సంక్షేమ బోర్డు ఉంది కదా అంటారు. ఉంది. 1996 నాటి చట్టంతో మొదలై, కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సుగా, అంటే కార్మికుల సంక్షేమానికి ప్రత్యేక పన్నుగా, వసూలవుతుంది. ఆ బోర్డులో పేరు నమోదు కావాలంటే మాత్రం గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పనే చేసినట్టు ధ్రువపత్రం తేవాలి. ఇటుకలు మోసే ఒక అమ్మను ఊహించుకోండి. ఇక్కడ ఇరవై రోజులు, వైట్‌ఫీల్డ్‌లో ఒక నెల పని, ఉగాదికి ఊరు, తిరిగి వచ్చేసరికి మేస్త్రీ మారిపోయాడు. సంతకం ఎవరు పెట్టాలి? కాగితం కోసం ఒక రోజు ఆఫీసుకు వెళితే ఆ రోజు కూలి పోయినట్టే. ఇలా వేల కోట్ల సెస్సు ఖర్చు కాకుండా ఉండిపోయిందని 2018లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. డబ్బుంది, మనుషులున్నారు. రెంటికీ మధ్య అడ్డుపడింది కాగితమే.

పేదలను ఏరి పేదలకే ఇద్దామనే ఆలోచన వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఏరడం దగ్గరే అది దెబ్బతింటుంది. 2004-05 జాతీయ నమూనా సర్వే ప్రకారం, గ్రామాల్లోని పేద కుటుంబాల్లో దాదాపు సగానికి బీపీఎల్ (దారిద్ర్యరేఖకు దిగువ) కార్డే లేదు. ఉన్నవాడికి నాలుగు రూపాయలు పోతాయనే భయంతో లేనివాడి నోటి దగ్గర కూడు తీసేయడం నాకు మహా అన్యాయంగా తోస్తుంది. అయినా ఉన్నవారి నుంచి పన్ను రూపంలో తిరిగి రాబట్టుకోవచ్చు. దక్షిణ అమెరికాలోని బొలీవియా 2008 నుంచి 60 ఏళ్లు దాటిన అందరికీ పింఛను ఇస్తోంది. వేరే పింఛను వస్తున్నవారికి కొంచెం తగ్గించి ఇస్తుంది, అంతే.

[తెరపై: నేపాల్ పటం.]

ముందు దేశం సంపన్నం కానివ్వండి, ఆ తర్వాత చూద్దామనే వాదన కూడా ఉంది. నేపాల్ మనకన్నా పేద దేశం. అయినా 1995లో 75 ఏళ్లు దాటినవారికి నెలకు 100 నేపాలీ రూపాయల పింఛనుతో మొదలుపెట్టింది. వయసు పరిమితి తగ్గిస్తూ, డబ్బు పెంచుతూ ఇప్పుడు 68 ఏళ్లకే 4,000 ఇస్తోంది. ఆఫ్రికాలోని లెసోతో 2004లో 70 ఏళ్లు దాటినవారికి పింఛను ఆరంభించింది. థాయ్‌లాండ్ 2002లో అందరికీ వైద్యం అందుబాటులోకి తెచ్చింది. ఇవేవీ డబ్బు కుప్పలు పోసుకుని మొదలుపెట్టినవి కావు. చిన్న మొత్తమైనా సరే, అందరికీ ఇవ్వాలని ముందే తేల్చుకున్నాయి.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు, ఇంటికే తెచ్చి ఇస్తారు. మెచ్చుకోవలసిన పనే. కానీ హూడిలో మనవళ్లను చూసుకుంటున్న అవ్వ దాని కోసం మెజెస్టిక్ బస్టాండులో బస్సెక్కి ఊరికి వెళ్లాలి. తెల్లకార్డు లేని అవ్వకు ఆ దారీ లేదు. కేంద్రం వాటా చూస్తే మనసు చివుక్కుమంటుంది. 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200 రూపాయలు, 2007 నుంచి అదే 200. అదీ బీపీఎల్ జాబితాలో ఉన్నవారికే. ఈ పద్దెనిమిదేళ్ల పైచిలుకు కాలంలో బియ్యం ధర, మందుల ధర, బస్సు చార్జీ ఎంత పెరిగాయో ఆ అవ్వనే అడగండి.

[తెరపై: రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం.]

ఒకే దేశం ఒకే రేషన్ కార్డు వచ్చాక పాలమూరు కార్డుతో బెంగళూరులో బియ్యం తీసుకోవచ్చు. బియ్యం రాష్ట్రం దాటి రాగలిగినప్పుడు పింఛను ఎందుకు రాలేదు? వయసొక్కటే అర్హతగా, దేశంలో ఎక్కడ ఉంటే అక్కడే పింఛను అందాలి. దానికి కేంద్రమే తన వాటాను ధరలకు తగ్గట్టు పెంచి, బీపీఎల్ షరతును ఎత్తివేయాలి. ఎన్నికలప్పుడు మన ఎంపీలను అడగవలసింది ఇదే.