చిన్న కన్నమే కదా, ఎంసీల్ పెడితే పోదా?

(విశాఖ ఫిషింగ్ హార్బర్. వెనక జెట్టీకి కట్టిన మర బోట్లు.)

అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న నౌక పాడైందని వార్త వస్తే చాలు, అందరిదీ ఒకటే మాట: "కన్నానికి ఎంసీల్ పెట్టేస్తే పోయేదానికి ఇంత టెన్షనెందుకు?" మొన్న మా మావయ్య కూడా అడిగాడు. అందుకే ఆయన బోటు దగ్గరికే వచ్చాను.

ఇటు చూడండి. బోటు తేలుతోంది, లైటు వెలుగుతోంది. కానీ ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల గొట్టం చిట్లింది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు. అయినా కింద పెట్టిన డబ్బాలో చుక్క చుక్కా పడుతూనే ఉంది. జెట్టీ దగ్గర ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. వేటకి తీసుకెళ్తేనే ఇంజిన్ కాలిపోతుంది.

2022 డిసెంబరులో అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న రష్యా నౌక సోయుజ్ ఎంఎస్-22కి అయింది ఇదే. ఇద్దరు రష్యన్లు స్పేస్‌వాక్‌కి సిద్ధమవుతుంటే, నౌక వెనక భాగం నుంచి తెల్లటి తుంపర చిమ్మడం కెమెరాలో కనబడింది. వేడిని బయటికి వదిలే రేడియేటర్‌కి సుమారు 0.8 మిల్లీమీటర్ల చిల్లు. సూక్ష్మ ఉల్క తగిలిందని రష్యా తేల్చింది. కొన్ని గంటల్లో కూలెంట్, అంటే చల్లబరిచే ద్రవం, అంతా పోయింది. ఇప్పుడు ఆ చిల్లు మూసి ఏం లాభం? పోయిన కూలెంట్ తిరిగి రాదు కదా!

మరి 2018లో ఇంకో సోయుజ్ నౌకకి పడిన కన్నాన్ని ఎపాక్సీతో, అంటే ఎంసీల్ లాంటి జిగురుతో, మూశారుగా అంటారు. నిజమే, మూశారు. ఆ 2 మిల్లీమీటర్ల కన్నం పడింది గోడకి, అంటే బోటు చెక్కకి. గాలి పోకుండా ఆపితే చాలు. పైగా ఆ గది భూమికి దిగేముందు విడిపోయి కాలిపోతుంది, కాబట్టి ఆ అతుకు దిగేటప్పటి వేడిని తట్టుకోవాల్సిన పనే లేదు. చెక్కకి పడిన చిల్లు వేరు, గొట్టానికి పడిన చిల్లు వేరు. దయచేసి ఈ రెండూ కలపకండి.

ఇంకో సంగతి. మావయ్య బోటు పాడైతే ఆటో ఎక్కి ఇంటికి పోతాడు. అక్కడ ఆ బోటే ఇంటి దారి. జెట్టీ మీద, అంటే అంతరిక్ష కేంద్రంలో, ఉండలేని పరిస్థితి వస్తే అందులోకే దూకాలి. కూలింగ్ లేని ఇరుకు గదిలో ముగ్గురి ఒంటి వేడి, చెమట, పరికరాల వేడి కలిస్తే ఉక్కపోతతోనే ప్రాణం మీదికి వస్తుంది.

నాకు బాగా నచ్చింది వాళ్లు చేసిన సర్దుబాటు. సోయుజ్‌లో ఎవరి సీటు లైనర్ (సీటు లోపలి తొడుగు) వాళ్ల ఒంటి అచ్చుతో పోస్తారు. ఆ ముగ్గురిలో అమెరికన్ అయిన ఫ్రాంక్ రూబియో లైనర్‌ని 2023 జనవరిలో విప్పి, కేంద్రానికే తగిలించి ఉన్న స్పేస్ఎక్స్ కంపెనీ డ్రాగన్ నౌకలో కట్టారు. అత్యవసరమైతే ఆయన అందులో, మిగతా ఇద్దరూ సోయుజ్‌లో. ఒక మనిషి తగ్గితే ఆ మేరకు వేడీ తగ్గుతుంది!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఫిబ్రవరిలో వాళ్లని తీసుకురావడానికి ఇంకో సోయుజ్, ఎంఎస్-23ని ఖాళీగా పంపారు. మార్చి 28న పాడైన నౌక ఖాళీగానే దిగింది. ముగ్గురూ ఎంఎస్-23లో సెప్టెంబరులో, 371 రోజుల తర్వాత వచ్చారు. 2024లో వ్యోమగామి సునీతా విలియమ్స్ ఎక్కి వెళ్లాక పాడైన బోయింగ్ నౌక స్టార్‌లైనర్‌నీ ఖాళీగానే దించారు. ఆమె 2025 మార్చిలో డ్రాగన్‌లో వచ్చారు.

మావయ్యా, నీ గొట్టం మాత్రం మార్పించు. ఆ ట్యూబు ముక్క ఆగదు.