స్లాబ్ రోజు గొడవ: కన్సల్టెంట్‌తో మాటల్లేవు, ఏం చేయాలి?

యాంకర్: మియాపూర్ నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే అండి. అపార్ట్‌మెంట్ సైట్‌లో కాంట్రాక్టర్ తరఫు ఇంజినీర్ని. మూడో స్లాబ్ రోజు పొద్దున కన్సల్టెంట్ ఇంజినీర్ వచ్చి, బాల్కనీ స్టీల్ చూసి పని ఆపించారు. అప్పటికే ఆర్‌ఎంసీ (ప్లాంటులో కలిపి తెచ్చే కాంక్రీట్) బండ్లు గేటు దగ్గరున్నాయి. లేబర్ ముందే మాటామాటా పెరిగింది. అప్పట్నుంచి నాతో మాట్లాడరు, ప్రతిదానికీ ఫొటో తీసి ఓనర్ గ్రూపులో పెడుతున్నారు.

నిపుణుడు: ఆయన పట్టుకున్న తప్పేంటి?

కాలర్: టాప్ స్టీల్ కిందికి దిగింది. పై కమ్మిని ఎత్తి పట్టే చైర్లు తక్కువయ్యాయి, నిజమే.

నిపుణుడు: అయితే ఆపడం సబబే. బాల్కనీకి లాగుడంతా పైభాగంలో. 125 మి.మీ. స్లాబులో పై కమ్మి 30 మి.మీ. దిగితే దాదాపు మూడో వంతు బలం పోతుంది. చెకింగ్‌కి ఎప్పుడు పిలిచారు?

కాలర్: ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశా.

నిపుణుడు: అదీ సంగతి. బండ్లు నిలబడ్డాక తప్పు దొరికితే ఆయన ఆపాలి, లేదా చూసీ చూడనట్టు పోవాలి. రెడీమిక్స్ కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం ప్లాంటులో నింపిన 2 గంటల్లోపు బండి ఖాళీ కావాలి, గట్టిపడటాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కలిపితే కొంత వెసులుబాటు. ఈలోగా మాల్ గట్టిపడిందని డ్రైవర్ నీళ్లు కొడతాడు. 6 ఘనమీటర్ల బండిలో 60 లీటర్లు పోస్తే ఘనమీటరుకు 10 లీటర్లు పెరిగినట్టే, బలం తగ్గుతుంది. తర్వాత బలం పరీక్షకు పోసిన క్యూబులు ఫెయిలైతే ఇంకో గొడవ.

కాలర్: మరి ఎలా సార్?

నిపుణుడు: 24 గంటల ముందు చెకింగ్‌కి రాతపూర్వకంగా అడగండి. ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి డ్రాయింగ్ పట్టుకుని ఇద్దరూ తిరగండి, బార్ బెండింగ్ మేస్త్రీని కూడా తీసుకెళ్లండి. కరెంటు పైపులు వేసేవాళ్లు స్టీల్ తొక్కేస్తారు కాబట్టి వాళ్ల పని అయ్యాకే చెకింగ్. కవర్ బ్లాకులు (కమ్మి కింద పెట్టే దిమ్మెలు), ల్యాపులు (కమ్మిల అతుకులు), చైర్లు చూసి లోపాలన్నీ ఒకే కాగితం మీద రాయండి, ఎవరు ఎప్పటికి సరిచేస్తారో పక్కనే ఉండాలి. పోర్ కార్డు (కాంక్రీట్ పోయడానికి అనుమతి కాగితం) మీద ఆయన సంతకం పడ్డాకే కాంక్రీట్ ఆర్డర్. పోసేటప్పుడు నడవడానికి పలకలు వేయించి, కమ్మి లేపడానికి ఒక మనిషిని పెట్టండి.

యాంకర్: మాట కలిపేదెలా?

నిపుణుడు: ఫోన్‌లో వద్దు, స్లాబ్ మీదా వద్దు. సైట్ ఆఫీసులో ఇద్దరే కూర్చోండి. "మీరు ఆపింది కరెక్టే సార్, లేబర్ ముందు నేను గొంతు పెంచకుండా ఉండాల్సింది. ఇకపై ముందు రోజే చెకింగ్ పెట్టుకుందాం. ఏదైనా కనబడితే ముందు నాకు చెప్పండి, సాయంత్రంలోగా సరిచేయకపోతే గ్రూపులో పెట్టండి" అనండి. ఫొటోలు అసలు పెట్టొద్దని మాత్రం అడక్కండి, అది ఆయన ఉద్యోగం.

కాలర్: "నువ్వెందుకు తగ్గాలి" అంటాడు సార్ మా కాంట్రాక్టర్.

నిపుణుడు: ఆ రోజు వెనక్కి పంపిన బండ్ల బిల్లు ఎవరు కట్టారు?

కాలర్: మేమే.

నిపుణుడు: అయితే ఆ బిల్లు మీ కాంట్రాక్టర్ ముందు పెట్టండి.