లామలేరాలో తిమింగలం ఎవరిది?

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే. ముందే ఒక మాట చెప్పేస్తాను, చెక్క పడవల్లో తిమింగలాల్ని వేటాడే ఇండోనేషియా ఊరు ఈ లామలేరాకి నేను వెళ్ళలేదు. చాలా ఏళ్ళుగా దొరికినవన్నీ చదివి, వీడియోలు చూసి, మ్యాపులు పెట్టుకుని కూర్చున్న పిచ్చి మాత్రమే నాది, కాబట్టి ట్రావెల్ కబుర్లు ఆశించి వచ్చినవాళ్ళు ఇప్పుడే టీకి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ఇండోనేషియా మ్యాపులో బాలి నుంచి తూర్పుకి వేలు జరుపుకుంటూ వెళ్తే లొంబోక్, సుంబావా, కొమోడో బల్లుల ద్వీపం, ఫ్లోరెస్ వస్తాయి, ఫ్లోరెస్ దాటాక చిన్న చిన్న ముక్కల్లా కొన్ని ద్వీపాలు, వాటిల్లో ఒకటి లెంబాటా. కుపాంగ్ నుంచి చిన్న విమానంలోనో, లరాంతుకా నుంచి పడవలోనో లెవోలేబా అనే టౌనుకి రావాలి, అక్కణ్ణించి దక్షిణపు ఒడ్డుకి లారీల్లో గుంతల రోడ్డు మీద గంటలు గంటలు. ఆ రోడ్డు చివర, అగ్నిపర్వతపు రాళ్ళ మీద అతికించినట్టు ఉంటుంది లామలేరా. పైఊరు, కిందిఊరు అని రెండు భాగాలు, మొత్తం కలిపి రెండు వేల మంది లోపే. ఎదురుగా ఉన్న సముద్రం పేరు సావు సముద్రం. మన ఉత్తరాంధ్ర చెవికి ఆ పేరు వినగానే గుండె జల్లుమంటుంది, కానీ అక్కడ సావు అనేది ఒక ద్వీపం పేరు, అంతే.

ఇప్పుడు ఆ రాళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. ఊరి చుట్టూ దున్నటానికి నేల లేదు. మొక్కజొన్న, అరటి, దుంపలు అన్నీ కొండ మీద ఊళ్ళవాళ్ళ దగ్గరుంటాయి. వీళ్ళ పెద్దలు చెప్పుకునే కథ ప్రకారం పూర్వీకులు సులవేసీలోని లువు వైపు నుంచి బయల్దేరి, ద్వీపం ద్వీపం తిరిగి, లెపాన్ బాటాన్ అనే చోట స్థిరపడితే సముద్రం పొంగి ఆ చోటునే మింగేసిందట, అక్కణ్ణించి పారిపోయి ఇక్కడికొచ్చారు. వచ్చేటప్పటికే ఈ నేలకి హక్కుదారులున్నారు. అంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఒడ్డు మాత్రమే మిగిలింది అన్నమాట.

చేపలకి పోవటాన్ని మన జాలర్లు ఏమంటారు? వేటకెళ్ళారు అంటారు. చేపలు పట్టటం అనరు, గమనించారా. ఆ మాట లామలేరాకి అతికినట్టు సరిపోతుంది. వీళ్ళు వేటాడేది కోటక్లెమా, అంటే స్పెర్మ్ వేల్, పెద్ద మగదైతే పదిహేను మీటర్లు దాటుతుంది, నలభై టన్నులదాకా తూగుతుంది. దాని మీదకి వెళ్ళేది చెక్క పడవలో, పేరు తేనా, ఇండోనేషియా భాషలో పెలెడాంగ్. ఒక్క ఇనప మేకు ఉండదు, పలకకీ పలకకీ మధ్య చెక్క మేకులు, లోపల తాళ్ళ కట్లు. పాతకాలపు తెరచాప మన శ్రీతాళం చెట్టుకి చుట్టమైన గెబాంగ్ ఆకులతో అల్లింది. మన కోస్తాలో కూడా ఒకప్పుడు కొబ్బరి పీచుతో కుట్టిన మసూలా పడవలుండేవి కదా, అలలు కొడితే విరగకుండా సాగుతాయని. ఇక్కడా అదే తెలివి.

పడవ ముక్కు దగ్గర ముందుకి పొడుచుకొచ్చిన వెదురు మెట్టు ఉంటుంది. దాని మీద నిలబడేవాడు లమాఫా. చేతిలో పొడుగాటి వెదురు కర్ర, దాని కొసకి ఇనప బల్లెం, బల్లేనికి తాడు. తిమింగలం దగ్గరికి రాగానే అతను విసరడు, బల్లెంతో సహా తనే గాల్లోకి దూకుతాడు, ఒంటి బరువంతా ఆ మొన మీద పడేట్టు. తర్వాత ఈదుకుంటూ పడవెక్కాలి, ఎక్కగలిగితే.

మీరు యూట్యూబ్‌లో చూసేది ఆ దూకుడే, ప్రతి డాక్యుమెంటరీ వాడూ స్లో మోషన్‌లో అదే చూపిస్తాడు. నాకు మటుకు ఆ తర్వాత ఒడ్డున జరిగేది ఎక్కువ ఇష్టం, ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది కూడా దాని గురించి చెప్పటానికే.

సీజను సంగతి ముందు ముగిస్తా. అక్కడ వేట కాలం పేరు లెవా, మే నుంచి అక్టోబరు దాకా. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మన బోట్లు ఒడ్డున ఉన్నప్పుడు వాళ్ళవి నీళ్ళలోకి దిగుతాయి. వీళ్ళు కాథలిక్కులు, మొదటి బాప్తిస్మాలు 1886లో, 1920లో బోడె అనే పాదిరీ వచ్చి స్థిరపడ్డాడు. మే 1న ఒడ్డున ఉన్న చిన్న గుడి దగ్గర పూజ చేసి సీజను మొదలుపెడతారు, ముందు రోజు సాయంత్రం సముద్రంలో పోయినవాళ్ళ కోసం ప్రార్థన. దానికంటే ముందు, నేల హక్కుదారుల వంశంవాళ్ళు కొండెక్కి తిమింగలాల్ని పిలిచే పాత తంతు కూడా ఉంది. పాదిరీ ఉన్నాడు, పాత దేవుళ్ళూ ఉన్నారు, ఎవరి పని వాళ్ళది. మన ఊళ్ళో గంగమ్మకి మొక్కుకున్నట్టే అనుకోండి. ఆదివారం మాత్రం వేట లేదు. ఇంట్లో గొడవ ఉంటే బల్లెం తప్పుతుందని నమ్మకం, కాబట్టి లమాఫా మొగుడూపెళ్ళాలు సీజనంతా పోట్లాడుకోకూడదు. ఆరు నెలలు! నవ్వండి నవ్వండి.

ఒడ్డు మీంచి ఎవరికైనా తిమింగలం ఊదిన నీటి పొగ కనబడితే 'బలెయో! బలెయో!' అని అరుస్తారు, ఆ అరుపు నోటికి నోరందుకుని ఊరంతా పాకుతుంది, ఎక్కడి పని అక్కడ వదిలేసి మగవాళ్ళు పడవశాలల వైపు పరిగెడతారు. తర్వాత దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. 1994 మార్చిలో ఒక తిమింగలం పడవల్ని లాక్కుపోయింది, రోజుల తరబడి ఆకలితో కొట్టుకుపోయినవాళ్ళని చివరికి ఆ దారిన పోతున్న ఒక టూరిస్టు ఓడ ఎక్కించుకుంది. నీలి తిమింగలాన్ని మాత్రం అసలు ముట్టుకోరు. పూర్వీకుణ్ణి కాపాడింది అదేనని కథ.

సరే, దొరికింది అనుకుందాం. నలభై టన్నులు ఒడ్డుకొచ్చింది. ఎవరిది అది? దూకినవాడిదా? కాదు. పడవ ఒక వంశానిది, కాబట్టి వంశంలో వాటాదార్లకి ముక్కలుంటాయి, పడవలో తెడ్డు వేసినవాళ్ళకి వేరే, పడవ చేసిన వడ్రంగికి, బల్లెం సాగగొట్టిన కమ్మరికి వేరే, మొదటి నుంచీ ఆ నేల మీద హక్కున్న వంశాలకి ఇంకో వాటా. ఒంటి మీద ఏ భాగం ఎవరికి అన్నది తరాలనాడే తేలిపోయింది, కత్తి పెట్టేవాడికి ఆ గీతలు కంఠతా వచ్చు. విధవలకి, అనాథలకి కూడా చేరాలి, చేరకపోతే వేట అచ్చిరాదంటారు. వాటా అందుకున్న ఇల్లు మళ్ళీ చుట్టాలకి పంచుతుంది. మాంసాన్ని చీలికలుగా కోసి వెదురు దండేల మీద ఎండబెడతారు, కింద నూనె బొట్లు బొట్లుగా కారుతుంటే పడుతుంటారు.

అక్కణ్ణించి పని ఆడవాళ్ళది. నెత్తిన గంపతో కొండెక్కి ఊరూరా తిరుగుతారు, శనివారం పూట వులాండోనీ సంతకి పోతారు. ఆ సంతలో డబ్బు పక్కన పెట్టి సరుక్కి సరుకు మార్చుకుంటారు. ఈల వేసేదాకా ఎవరూ బేరం మొదలుపెట్టకూడదు. ఒక ఎండు ముక్కకి పన్నెండు మొక్కజొన్న పొత్తులు, లేదా పన్నెండు అరటిపళ్ళు, ఇలా లెక్క. చేపలు, ఉప్పు, సున్నం కూడా మారతాయి. ఇంతకీ ఆ ఎండు ముక్కే వీళ్ళ రూపాయి అన్నమాట, అది పాడవదు, వర్షాకాలం సముద్రంలోకి పోలేని నెలల్లో ఇంటిని నడుపుతుంది. అందుకే నన్నడిగితే లామలేరాని తిమింగలాల ఊరు అనటం సగమే, మిగతా సగం కొండ మీద మొక్కజొన్న చేలల్లో ఉంది.

మరి చంపటం తప్పు కాదా అని మీరు అడుగుతారు, ప్రతి చోటా అడుగుతారు. స్పెర్మ్ వేల్ ముప్పు ఉన్న జాతుల జాబితాలో ఉంది, ఇండోనేషియా చట్టంలో కూడా తిమింగలాలు రక్షిత జాతే, కాకపోతే ఈ ఊరి సంప్రదాయ వేటని చూసీచూడనట్టు వదిలేస్తున్నారు. 1986 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నిషేధం వ్యాపార వేట మీద, పైగా దాన్ని పెట్టిన అంతర్జాతీయ తిమింగల వేట సంఘంలో ఇండోనేషియా సభ్యురాలు కాదు. 2009లో సావు సముద్రాన్ని మెరైన్ పార్కుగా ప్రకటించినప్పుడు ఊరు ఊరంతా ఎదురు తిరిగింది, చివరికి ఆ ముందున్న నీళ్ళని తప్పించారు. 1970లలో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ నార్వే వేటగాణ్ణి పంపి వీళ్ళకి ఆధునిక పద్ధతి నేర్పబోయింది, అది నిలవలేదు. ఒకరేమో ఎక్కువ చంపండి అన్నారు, ఇంకొకరేమో అసలు చంపొద్దన్నారు, ఈ రెండూ నలభై ఏళ్ళ లోపే చెప్పింది బయటివాళ్ళే. నాకు తిమింగలం మీద జాలి లేకపోలేదు, కానీ ఫ్రిజ్‌లో చికెన్ పెట్టుకుని ఆ ఊరికి నీతులు చెప్పటానికి నోరు రాదు. అయితే వీళ్ళు వేటాడే మాంటా టేకు చేపని కూడా 2014లో రక్షిత జాబితాలో పెట్టాక ఇబ్బంది నిజంగానే పెరిగింది, ఎందుకంటే దాని మొప్పల్ని చైనా మందుల వ్యాపారులు మంచి ధరకి కొనేవాళ్ళు, అది కడుపు కోసం వేట అని వాదించటం కష్టం.

అసలు మార్పు మాత్రం మోటారుతో వచ్చింది. ఇప్పుడు ఫైబర్, చెక్క మోటారు బోట్లున్నాయి, వాటిని అక్కడ జాన్సన్ అంటారు, పాత అవుట్‌బోర్డ్ ఇంజన్ కంపెనీ పేరు బోటుకే నిలిచిపోయింది, మనం ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టు. జాన్సన్లే తేనాల్ని తాడేసి తిమింగలం దాకా లాక్కెళ్తాయి, చివరి దూరం మాత్రం తెడ్లతో. దాంతో పంపకాల్లో కొత్త వాటా పుట్టింది, ఇంజనుకి. ఇంజను పెట్రోలు తాగుతుంది. ఎండు ముక్క ఇస్తే వులాండోనీ సంతలో పన్నెండు పొత్తులు ఇస్తారు గానీ, పెట్రోలు అమ్మేవాడు రూపియా నోట్లే అడుగుతాడు.