మసెరాటి 250ఎఫ్ రెప్లికా: ముక్కు భాగాన్ని అల్యూమినియం రేకుతో చేత్తో చేయడం

నమస్కారం. ఇవాళ ఇటలీ రేసు కారు మసెరాటి 250ఎఫ్ రెప్లికాకి ముక్కు చేద్దాం. ముందు చక్రాల దగ్గర మొదలై గ్రిల్ దాకా వచ్చే అల్యూమినియం తొడుగు ఇది. కారు చూడగానే గుర్తుపట్టేది దీన్ని బట్టే. బాడీ మొత్తంలో చేయడం కష్టమైనదీ ఇదే.

రేకుతో మనం చేయగలిగే పనులు రెండే: సాగదీయడం, కుదించడం. మిగతావన్నీ ఈ రెండిట్లోంచి వచ్చేవే. ఎక్కడ సాగాలో, ఎక్కడ కుదించాలో తేలకముందే సుత్తి ఎత్తితే రేకు పాడవుతుంది. అందుకే వీడియోలో చాలాసేపు సుత్తి కనపడదు. కంగారు పడకండి.

ముందు కారు గురించి రెండు మాటలు. 250ఎఫ్ 1954లో రేసుల్లోకి వచ్చింది. ఆరు సిలిండర్లు ఒకే వరసలో, బోర్ 84 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 75, అంటే సుమారు 2493 సీసీ. 1957 ఆగస్టు 4న జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్‌లో అర్జెంటీనా డ్రైవర్ ఫాంజియో గెలిచింది ఈ కారు మీదే, ఆ ఏడాది ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయిందీ దీని మీదే. ఇటలీలోని మోడెనాలో మెడార్డో ఫాంటుజ్జి లాంటి పనివాళ్లు ఈ బాడీల్ని చేత్తో కొట్టారు. దాంతో కారుకీ కారుకీ తేడా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ముక్కు ఆకారమూ మారింది. మీరు చేసేది ఏ ఏడాది కారో ముందే ఖాయం చేసుకుని, ఆ ఏడాది ఫోటోలే గోడకి అంటించుకోండి. 1954 ఫోటో చూసి గ్రిల్, 1957 ఫోటో చూసి పైభాగం చేస్తే రెండూ ఎక్కడా కలవవు. ఆ సంగతి పని సగమయ్యాక గానీ తెలియదు.

ఇప్పుడు బక్. రేకుని పెట్టి సరిచూసుకునే చెక్క అచ్చు ఇది. దీని మీద పెట్టి కొట్టకూడదు, కొలత చూసుకోవడానికే. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అడ్డకోత పలకలు కోసి, నిలువు పలకతో గాడుల్లో ఇరికించి నిలబెడతాం. ముక్కు దగ్గర వంపు త్వరత్వరగా మారుతుంది కాబట్టి 100 మిల్లీమీటర్లకో పలక పెట్టండి. వెనక్కి వెళ్లాక 150 చాలు. కొలతలన్నీ ముందు యాక్సిల్ మధ్య గీత నుంచే తీసుకోండి. ఛాసిస్‌కీ, అంటే కారు చట్రానికీ, అదే గీత మూలం కావాలి. లేకపోతే చివర్లో ముక్కు బాగుంటుంది, కారుకి మాత్రం పట్టదు.

ఇక్కడ దాదాపు ప్రతివాళ్లూ చేసే పొరపాట్లు రెండున్నాయి. మొదటిది రేకు మందం. డ్రాయింగ్‌లో ఉన్నది కారు బయటి ఆకారం. బక్ కూర్చునేది రేకు లోపలి వైపు. 1.5 మిల్లీమీటర్ల రేకు వాడుతుంటే ప్రతి పలకనీ చుట్టూ 1.5 మిల్లీమీటర్లు లోపలికి కోయాలి. మర్చిపోతే ముక్కు వెడల్పు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది.

రెండోది పలక మందం. గీసిన గీత పలక రెండు ముఖాల్లో ఒకదానికే చెందుతుంది. ముక్కు వెనక్కి పోయేకొద్దీ పెద్దదవుతుంది కాబట్టి గీత వెనక ముఖం మీద ఉండాలి. ముందు అంచుని ఏటవాలుగా చెక్కేయాలి. గీత ముందు ముఖం మీద గీస్తే వెనక అంచు దగ్గర చెక్క తక్కువవుతుంది. తక్కువైన చోట చెక్కడానికి ఏమీ ఉండదు.

పలకలన్నీ నిలబెట్టాక సన్నటి చెక్క బద్ద ఒకటి తీసుకుని పొడుగునా వంచి ఆనించండి. ఇదిగో, దగ్గరగా చూడండి: నాలుగో పలక దగ్గర బద్ద కింద వెలుతురు సన్నటి గీతలా కనపడుతోంది. అంటే అక్కడ పలక ఒక మిల్లీమీటరు దాకా పల్లంగా ఉంది. ఇప్పుడే కాగితం మడిచి అంటిస్తే సరిపోతుంది. రేకు కొట్టాక సరిచేయాలంటే రోజంతా పడుతుంది. బద్దని ఒక్క దిక్కున కాదు, ఏటవాలుగా కూడా తిప్పి చూడండి.

బక్ కోసేముందు రేడియేటర్‌ని దాని చోట నిలబెట్టండి. స్టీరింగ్‌ని పూర్తిగా రెండు వైపులా తిప్పి, సస్పెన్షన్‌ని పూర్తిగా పైకెత్తి, స్టీరింగ్ ఆర్మ్‌లు ఎక్కడిదాకా వస్తాయో చూసుకోండి. రేడియేటర్ చుట్టూ కనీసం 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా చూడండి.

రేకు సంగతికొద్దాం. నేను చెప్పేది 1050 హెచ్14 అనే రకం. అందులో 99.5 శాతం అల్యూమినియమే. 3003 హెచ్14 కూడా బాగుంటుంది. 6061 టీ6 జోలికి పోవద్దు, బలంగా ఉంటుందన్న ఆశతో కొంటారు, లోతు వంపు దగ్గర పగులుతుంది. మందం 1.5 మిల్లీమీటర్లు తీసుకోండి. 1.2తోనూ చేయొచ్చు, తేలిగ్గా ఉంటుంది, కానీ సాగదీసిన చోట పల్చబడి, ఆపైన ఆకురాయి పెడితే ఏమీ మిగలదు. 1.5 రేకు చదరపు మీటరుకి నాలుగు కిలోలు, ఆ బరువుకి భయపడక్కర్లేదు.

ముక్కుని ఒకే రేకులో చేయాలని చూడొద్దు. పైభాగం, రెండు బుగ్గలు, అడుగు, గ్రిల్ చుట్టూ పెదవి అని అయిదు ముక్కలు చేద్దాం. అతుకు ఎక్కడ రావాలో తేల్చేది ఒకే ప్రశ్న: అక్కడికి లోపలి నుంచి డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ), బయటి నుంచి సుత్తి రెండూ అందుతాయా? అందని చోట అతుకు పెట్టొద్దు. బాగా మలుపున్న చోటా వద్దు.

ఇప్పుడు కాగితం. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ ఇదే, ఎందుకంటే రేకు ఏం చేయబోతోందో కాగితం ముందే చెప్పేస్తుంది. మందపాటి గోధుమరంగు కాగితాన్ని బుగ్గ మీద పరిచి, మధ్య నుంచి బయటికి పిన్నులు గుచ్చుతూ రండి. కాగితం సాగదు, కుదించుకోదు. కాబట్టి అంచు ముడతపడిన చోట రేకుని కుదించాలి, లేదా మధ్యలో సాగదీయాలి. కాగితం బిగుసుకుని చిరగబోయే చోట కత్తెరతో చీల్చండి. అది విచ్చుకున్నంత మేర అక్కడ రేకు సాగాలి. ముడతని మడిచి కొలవండి: 8 మిల్లీమీటర్లు మడత పడితే అక్కడ అంచు 8 మిల్లీమీటర్లు కుదించుకోవాలి. చీలిక 6 మిల్లీమీటర్లు తెరుచుకుంటే 6 సాగాలి. కాగితం మీదే 'కు', 'సా' అని రాసి, అంకె వేసుకోండి.

కాగితం విప్పి రేకు మీద పరిచి, చుట్టూ 25 మిల్లీమీటర్లు ఎక్కువ వదిలి కోయండి. 'కు', 'సా' గుర్తులు కూడా రేకు మీదికి ఎక్కించండి. మార్కర్ పెన్నే వాడాలి. సూదితో గీస్తే ఆ గీత వెంటే రేకు తర్వాత పగులుతుంది. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా చేసి, గరుకుని చేత్తో తడిమి చూడండి. అంచులో ఉన్న చిన్న గాటే చీలికకి మొదలు.

తర్వాత అనీలింగ్. హెచ్14 రేకు సగం గట్టిగా వస్తుంది, మెత్తబరచాలి. గ్యాస్ టార్చ్‌లో ఆక్సిజన్ లేకుండా అసిటిలీన్ మాత్రం వెలిగించి, ఆ పసుపు మంటతో రేకు మీద పల్చటి నల్ల మసి పట్టించండి. ఇప్పుడు ఆక్సిజన్ తెరిచి, మంట మెత్తగా పెట్టుకుని, ఒకచోట ఆపకుండా తిప్పుతూ వెళ్లండి. ఇక్కడ కెమెరా దగ్గరికి తెస్తున్నాం. చూడండి, మసి పల్చబడుతోంది, బూడిదరంగు తిరిగింది, ఇదిగో మాయమైంది, వెంటనే మంట పక్కకి జరిగింది. ఆ క్షణం చాలు. ఈ మసి కాలిపోయే వేడికి 1050 మెత్తబడుతుంది. ఆ తర్వాత కూడా మంట అక్కడే ఉంచితే ప్రమాదం. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇనుములా ముందు ఎర్రబడి హెచ్చరించదు. ఉన్నట్టుండి మధ్యలో రంధ్రం పడుతుంది. చల్లారబెట్టడానికి నీళ్లు పోసినా, గాలికి వదిలినా ఈ రేకుకి తేడా లేదు. కాలుతున్న రేకు చల్లటి రేకులాగే కనపడుతుంది, కాబట్టి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

కొట్టడం మొదలుపెడదాం. ఇసుక నింపిన తోలు సంచి, బేరిపండు ఆకారంలో ఉన్న కొయ్య సుత్తి. గుర్తుంచుకోవాల్సింది ఒకటి: కొయ్య సుత్తితో గట్టి ఆధారం మీద ముడతని కొడితే రేకు కుదించుకుంటుంది. ఇనుప సుత్తితో ఇనుప డాలీ మీద కొడితే సాగుతుంది. కుదించాల్సిన చోట ఇనుప సుత్తి వాడి, ఎంత కొట్టినా ఆకారం ఎందుకు రావడం లేదని ఆశ్చర్యపోతుంటారు. కొడుతున్న కొద్దీ అంచు ఇంకా పొడుగవుతుంది మరి.

సంచి మీద దెబ్బ పక్కన దెబ్బ పడేలా కొడుతూ రండి. లోతు పెరిగేకొద్దీ అంచు అలలుగా లేస్తుంది. ఆ అలలే మనకి కావాల్సిన ముడతలు. ఒక్కొక్క ముడతని గట్టి చెక్కదిమ్మ మీదికి తెచ్చి, పక్కలు విచ్చుకోకుండా దగ్గర దగ్గరగా, వేగంగా కొయ్య సుత్తితో అణచండి. ముడత తనలోకి తాను దిగాలి, అక్కడ రేకు మందమెక్కాలి. ముడత పక్కకి పడుకుని తన మీద తానే మడతపడితే మాత్రం ఆగిపోండి. మడతని కొట్టి చదును చేస్తే పైకి బాగానే ఉంటుంది, రేపు అక్కడే పగులుతుంది. చిన్నదైతే తిరగదీసి మళ్లీ మెత్తబరచండి. బాగా నలిగిపోతే ఆ ముక్క కోసేయడమే.

కొడుతుంటే రేకు గట్టిపడుతుంది. సుత్తి మోత మారుతుంది, దెబ్బకి రేకు ఎగిరి తిరిగొస్తుంది. అప్పుడు బలం పెంచకండి, మళ్లీ అనీల్ చేయండి. బుగ్గ లాంటి ముక్కకి రెండు మూడుసార్లు పట్టొచ్చు.

ఆకారం దాదాపు వచ్చాక ఇంగ్లీష్ వీల్, అంటే రేకుని రెండు చక్రాల మధ్య దొర్లించే యంత్రం. దాని పని మిట్టపల్లాలు తీసి నున్నగా చేయడం. కింది చక్రం వంపు రేకు వంపుకన్నా కొంచెం ఎక్కువుండాలి. ఒత్తిడి తక్కువ పెట్టండి, రేకు కొద్దిపాటి బరువుతో దొర్లాలి. జాడకీ జాడకీ 6 నుంచి 8 మిల్లీమీటర్లు, ఆ తర్వాత వాటిని అడ్డంగా కోస్తూ ఇంకో వరస. అంచుకి 15 మిల్లీమీటర్ల ఇవతలే ఆగండి. అంచు దాకా నడిపితే అంచు సాగి, మధ్యలో కష్టపడి తెచ్చిన ఉబ్బు చదునైపోతుంది. వీల్ లేకపోతే ఇదే పని సుత్తి, డాలీతో చేయొచ్చు, సమయం బాగా పడుతుంది అంతే.

ముక్కని బక్ మీద పెట్టండి, నొక్కకుండా. మధ్య ఆని అంచులు పైకి లేచి ఉంటే ఉబ్బు చాలలేదు: అంచులు కుదించాలి, లేదా మధ్య సాగదీయాలి. అంచులు ఆని మధ్యలో ఖాళీ ఉంటే ఉబ్బు ఎక్కువైంది: అంచులు సాగదీయాలి. చేత్తో నొక్కితే కూర్చుంటోంది కదా అని వెల్డింగ్‌కి వెళ్లకండి. ఆ నొక్కుడు రేకులోనే దాగి ఉండి, అతుకు వేడెక్కగానే వంకరగా బయటపడుతుంది.

గ్రిల్ పెదవి వేరే రకం. రేకుని అండాకారపు కంకణంలా కోసి, బయటి అంచుని వెనక్కి వంచితే అది కుదించుకోవాలి. లోపలి అంచుని వెనక్కి వంచితే అది సాగాలి. ఒకే ముక్కలో రెండూ ఉన్నాయి. చీలేది ఎప్పుడూ లోపలి అంచే. దాన్ని నున్నగా రుద్ది, ఒక్కో విడతకి 10 డిగ్రీలకు మించకుండా వంచుతూ, మధ్యలో మెత్తబరుస్తూ వెళ్లండి. అంత ఓపిక లేకపోతే నాలుగు ముక్కలుగా చేసి అతకండి, తప్పేమీ లేదు.

వెల్డింగ్. అంచులు ఒకదానికొకటి వెలుతురు దూరనంతగా ఆనాలి. స్టెయిన్‌లెస్ బ్రష్‌తో అప్పటికప్పుడు రుద్ది, రెండు వైపులా ఫ్లక్స్ (అల్యూమినియం మీది ఆక్సైడ్ పొరని కరిగించే మందు) పూయండి. పూడిక తీగగా అదే రేకులోంచి 2 మిల్లీమీటర్ల పట్టీలు కోసుకోండి. అతుకు కూడా రేకంత మెత్తగా వచ్చి, సుత్తి దెబ్బకి తట్టుకుంటుంది. గ్యాస్ బదులు టిగ్ (కరెంటు ఆర్క్‌తో చేసే వెల్డింగ్) వాడితే 1100 రకం తీగ తీసుకోండి. 4043 రకం తీగలో సిలికాన్ ఉంటుంది, అతుకు గట్టిపడి కొట్టేటప్పుడు పగలొచ్చు. గ్యాస్‌తో అతికేటప్పుడు ఫ్లక్స్ నుంచి పసుపు వెలుగు కమ్మేసి, కరిగిన చోటు కనపడదు. అల్యూమినియం గ్యాస్ వెల్డింగ్ కోసం చేసిన అద్దాలే పెట్టుకోండి. మామూలు నీలం కోబాల్ట్ అద్దం కంటికి రక్షణ కాదు.

ప్రతి 20 మిల్లీమీటర్లకీ ఒక చుక్క అతికి, సుత్తీ డాలీతో సమం చేసి, అప్పుడు పూర్తి అతుకు నడపండి. అయ్యాక అదే రోజు వేడినీళ్లు, బ్రష్‌తో రెండు వైపులా ఫ్లక్స్ కడిగేయాలి. మిగిలిన ఫ్లక్స్ తేమ పీల్చి రేకుని తింటుంది. నెలల తర్వాత రంగు కింద బుడగలు లేస్తే కారణం చాలాసార్లు ఇదే.

చల్లారాక అతుకు పొడుగునా లోపలికి లాగేసినట్టు పల్లం కనపడుతుంది. వెల్డింగ్ కుదింపు అది. లోపల డాలీ ఆనించి అతుకు మీద, ఇరుపక్కలా 10 మిల్లీమీటర్లు తేలిగ్గా కొట్టి సాగదీయండి. తర్వాత అరచేతికి పల్చటి గుడ్డ తొడిగి, నిదానంగా పొడుగునా తడమండి. కంటికి దొరకని మిట్ట చేతికి దొరుకుతుంది. బాడీ ఆకురాయి పళ్లలో సుద్ద రుద్దితే అల్యూమినియం ఇరుక్కోదు. ఆకురాయి ఆనిన చోట మెరుస్తుంది, మెరవని చోటు పల్లం. పల్లాన్ని లోపలి నుంచి లేపాలి. చుట్టూ అరగదీసి సమం చేస్తే రేకు కాగితమవుతుంది.

వెనక అంచు గట్టిగా ఉండటానికి అందులో తీగ పెట్టి చుట్టేటప్పుడు ఇనుప తీగ వద్దు. తేమలో ఇనుమూ అల్యూమినియమూ తగిలితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ వాడండి. చుట్టడానికి 10, 11 మిల్లీమీటర్ల అంచు కావాలి, తుక్కు ముక్క మీద ముందు చూసుకోండి. ఛాసిస్ గొట్టాలకి తగిలే చోట కూడా ఇదే కారణంతో మధ్యలో రబ్బరు పెట్టండి. బోల్టు రంధ్రం అంచు నుంచి కనీసం దాని వ్యాసానికి రెండింతల దూరంలో ఉండాలి, లోపలి గరుకు తీసేయాలి.

ముక్కు బిగించాక స్టీరింగ్ మళ్లీ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. బాగుంటే విప్పి, గ్రీజు మరకల్లేకుండా తుడిచి, రంగు వేసేట్టయితే ఆ రోజే ఎచ్ ప్రైమర్ (లోహాన్ని పట్టుకునే మొదటి పూత) పూయండి.